సిస్టర్లను ఏడిపించకుండా ఆసుపత్రిలో క్వాలిటీ మొదలుపెట్టడం ఎలా?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ముప్పై, యాభై పడకల ఆసుపత్రి నడిపేవాళ్లు, అక్కడ నర్సింగ్ ఇన్‌ఛార్జులుగా ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎన్‌ఏబీహెచ్‌కి (ఆసుపత్రుల నాణ్యతకి ఇచ్చే జాతీయ గుర్తింపు) వెళ్దామని పని మొదలుపెట్టాం. ఫైళ్లు తయారయ్యాయి, పోస్టర్లు వేశాం. ఈలోగా పనితెలిసిన సిస్టర్లు మానేసి పక్క వీధి ఆసుపత్రిలో చేరారు. ఎక్కడ తేడా కొట్టింది?"

తేడా కొట్టింది మొదట్లోనే. క్వాలిటీ అంటే ఫైళ్లు అనుకుని మొదలుపెడితే ఆ ఫైళ్లు నింపే పని సిస్టర్ల నెత్తిన పడుతుంది. జీతం పెరగదు, మనుషులు పెరగరు, రాత మాత్రం పెరుగుతుంది. అందుకే ఈ పద్ధతిని తలకిందులుగా రాస్తున్నాను. ముందు సిస్టర్‌కి ఒక తలనొప్పి తగ్గించండి, దాంతోపాటే పేషెంట్‌కి మేలు జరిగేలా చూడండి, సర్టిఫికెట్ సంగతి ఆ తర్వాత.

ఇది నర్సింగ్ సూపరింటెండెంట్లు, ఆసుపత్రి మేనేజర్లు, సొంత నర్సింగ్ హోమ్ ఉన్న డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. మూడు వందల పడకల కార్పొరేట్ ఆసుపత్రిలో క్వాలిటీకి వేరే డిపార్ట్‌మెంటే ఉంటుంది, వాళ్ల లెక్కలు వేరు.

ముందుగా కావాల్సినవి

- ఒకే ఒక్క వార్డు. మొత్తం ఆసుపత్రి వద్దు. జనరల్ మెడిసిన్ వార్డయితే సులువు. ఐసీయూతో మొదలుపెట్టకండి.
- ఆ వార్డు గురించి క్షుణ్ణంగా తెలిసిన సీనియర్ సిస్టర్ ఒకరు. వారానికి రెండు పూటలు ఆవిడకి బెడ్‌సైడ్ డ్యూటీ వేయకూడదు. "డ్యూటీ అయ్యాక కాసేపు కూర్చుని చేయమ్మా" అంటే ఈ పని అక్కడితో ఆగిపోయినట్టే.
- కన్సల్టెంట్ల దగ్గర మొహమాటం లేకుండా మాట్లాడగలిగే డాక్టర్ ఒకరు. సిస్టర్ చెబితే వినని పెద్ద డాక్టర్లు సాటి డాక్టర్ చెబితే వింటారు. బాధాకరమే, కానీ ఉన్నమాట.
- ఒక రూళ్ల నోట్‌బుక్, ఒక వైట్‌బోర్డు. సాఫ్ట్‌వేర్ ఇప్పుడే కొనకండి.
- వార్డు, ఫార్మసీ, బిల్లింగ్ గడియారాలు మూడూ ఒకే టైం చూపించాలి. నవ్వుకోకండి, ఓసారి మీ ఆసుపత్రిలో మూడుచోట్లా చూసి రండి. పది నిమిషాల తేడా ఉంటే మీరు రాసుకునే టైములన్నీ తప్పే.
- యజమాని సంతకంతో ఒక పేజీ: "తన పొరపాటును తనంతట తాను చెప్పినవాళ్లకి మెమో ఇవ్వం, జీతం కోయం." దీని అవసరం ఆరో మెట్టులో తెలుస్తుంది.

చట్టపరమైన కాగితాలు సరిగ్గా లేకపోతే ముందు అవి చూసుకోండి. 2002 నాటి రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్‌ఓసీ, బయోమెడికల్ వేస్ట్ అనుమతి. ఇవి లేకుండా క్వాలిటీ అనుకోవడం పునాది వేయకుండా రంగులు వేయడమే.

1. ఏం బాగుచేయాలో సిస్టర్లనే అడగండి

మీటింగ్ పెట్టి అడిగితే ఎవరూ నోరు విప్పరు. చిన్న చీటీలు ఇచ్చి పేరు రాయొద్దని చెప్పి ఒకే ప్రశ్న అడగండి: "రోజూ మీకు ఎక్కువ చిరాకు తెప్పించే పని ఏది?" ఆయాలను, వార్డు బాయ్‌లను కూడా అడగండి. రాయడం ఇబ్బందైతే నోటితో చెప్పించుకోండి.

వచ్చే జవాబులు మీరు ముందే ఊహించుకోవచ్చు. డిశ్చార్జ్ లేటైతే పేషెంట్ తాలూకు వాళ్లు వచ్చి సిస్టర్ మీద అరవడం. బీపీ, పల్స్ ఒకేసారి చూసి మూడుచోట్ల రాయడం. మందుల ఇండెంట్ పెట్టి గంటసేపు ఎదురుచూడడం. స్ట్రెచర్ కోసం అంతస్తులన్నీ వెతకడం. డ్యూటీ దిగే వేళకి తర్వాతి షిఫ్ట్ మనిషి రాకపోవడం.

వీటిలో పేషెంట్‌కీ సిస్టర్‌కీ ఇద్దరికీ మేలు జరిగేది ఒకటి తీసుకోండి. ఇక్కడ డిశ్చార్జ్ ఆలస్యాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

జాగ్రత్త: "ఇన్‌ఫెక్షన్ రేటు తగ్గిద్దాం" అని మొదలుపెట్టకండి. లెక్కపెట్టడం మానేయమని అనడం లేదు, అది ఎప్పుడూ సాగాల్సిందే. కానీ యాభై పడకల ఆసుపత్రిలో ఒక నెల సున్నా వస్తుంది, ఇంకో నెల రెండు వస్తాయి. అంత చిన్న అంకెల్లో మీ మార్పు పనిచేసిందో లేదో తేలదు. సిస్టర్లకి ఉత్సాహమూ మిగలదు.

2. రెండు వారాలు టైములు రాయండి, ఏమీ మార్చకండి

డిశ్చార్జ్ అయ్యే ప్రతి పేషెంట్‌కీ ఒక వరుస. అందులో ఆరు టైములు:

- రౌండ్స్‌లో డాక్టర్ "ఇంటికి పంపించేయండి" అన్న టైం
- డిశ్చార్జ్ సమ్మరీ చేతికొచ్చిన టైం
- మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగిచ్చిన టైం
- ఫైనల్ బిల్లు తయారైన టైం
- డబ్బు కట్టిన, లేదా అప్రూవల్ వచ్చిన టైం
- పేషెంట్ మంచం దిగి వెళ్లిన టైం

నగదు కట్టేవాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు, ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు, ఈ మూడూ వేర్వేరు పేజీల్లో రాయండి. కలిపేస్తే ఏమీ అర్థం కాదు. ఆలస్యానికి కారణమైన మనిషి పేరు మాత్రం ఎక్కడా రాయకండి. ఒక్కసారి పేరు రాస్తే మర్నాటి నుంచి టైములన్నీ అందంగా, అబద్ధంగా ఉంటాయి.

రెండు వారాలయ్యాక సగటు తీయకండి. ఒక్కో పేషెంట్‌కి మొదటి టైం నుంచి ఆఖరి టైం వరకు పట్టిన సమయాలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో రాసి సరిగ్గా మధ్యలో ఉన్నది తీసుకోండి. బిల్లు కట్టడానికి డబ్బు సర్దుబాటు కాక రాత్రిదాకా ఉండిపోయిన ఒక్క కేసు సగటును ఎక్కడికో లాగేస్తుంది, మధ్య అంకెను పెద్దగా కదిలించదు.

3. ఒక ఫైలు వెంట నడవండి

ఉదయం రౌండ్స్ అయ్యాక ఒక డిశ్చార్జ్ ఫైలు పట్టుకోండి. అది ఎక్కడికి వెళితే మీరూ అక్కడికి వెళ్లండి. ఎవరికీ సలహా ఇవ్వకండి. చూసి రాసుకోండి, అంతే.

సాధారణంగా కనిపించేది ఇదీ: ఫైలు గంటకు పైగా టేబుల్ మీద ఊరికే ఉంటుంది. సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టర్ క్యాజువాలిటీలో ఉంటారు. రాశాక కన్సల్టెంట్ సంతకం కావాలి, ఆయనేమో ఓపీలో నలభై మంది మధ్య ఉంటారు. వాడని ఇంజెక్షన్లు, సెలైన్లు వెనక్కిచ్చేవరకు ఫార్మసీ క్లియరెన్స్ ఇవ్వదు. వార్డు బాయ్ ఒకే ఫైలుతో మూడుసార్లు మెట్లెక్కి దిగుతాడు. ఇవేవీ తెలియని పేషెంట్ కొడుకు కౌంటర్ దగ్గరికొచ్చి "ఏంటి సిస్టర్, పొద్దున్నే పంపిస్తామన్నారుగా, నరసరావుపేట వెళ్లాలి మేం" అని గొంతు పెంచుతాడు. అందులో ఆ సిస్టర్ చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు, తిట్లు మాత్రం ఆవిడకే.

ఆగిన ప్రతిచోటా "ఎందుకు?" అని అడుగుతూ పోండి. సమ్మరీ ఎందుకు లేటు? డాక్టర్ క్యాజువాలిటీలో ఉన్నారు. ఎందుకు ఆయనే రాయాలి? పొద్దున ఉన్నది ఆయనొక్కరే. ముందురోజు ఎందుకు రాయలేదు? రేపు ఎవరు వెళ్తారో రాత్రి డ్యూటీ వాళ్లకి తెలియదు. ఎందుకు తెలియదు? సాయంత్రం రౌండ్స్‌లో ఎవరూ అడగరు. ఇక్కడ ఆగండి. మార్చగలిగే పని దొరికింది. మీ ఎందుకులు "ఫలానా మనిషి బద్ధకస్తుడు" దగ్గర ఆగితే మాత్రం ఇంకో మెట్టు కిందికి వెళ్లండి.

4. ఒక చిన్న మార్పు, ఒక వారం

అనుకోవడం, చేసి చూడడం, ఫలితం సరిచూడడం, దాన్నిబట్టి ఖాయం చేయడమో మార్చడమో. అమెరికా క్వాలిటీ నిపుణులు వాల్టర్ షూహార్ట్ ఆలోచన నుంచి వచ్చి, ఎడ్వర్డ్స్ డెమింగ్ వల్ల ప్రపంచమంతా పాకిన చక్రం ఇదే. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

డిశ్చార్జ్‌కి సంబంధించి ప్రయత్నించదగ్గవి:

సాయంత్రం రౌండ్స్‌లో "రేపు ఎవరు వెళ్లొచ్చు?" అని డాక్టర్‌ని అడిగి వైట్‌బోర్డు మీద బెడ్ నంబర్లు రాయడం. పేర్లు వద్దు, నంబర్లు చాలు.

ఆ నంబర్లకి సమ్మరీ డ్రాఫ్టు రాత్రే సిద్ధం చేయడం. పొద్దున ఆఖరి రిపోర్టులు చేర్చి సంతకం పెట్టించుకుంటే సరి. అయితే ఆ రాత్రి డ్యూటీ డాక్టర్‌కి క్యాజువాలిటీ కూడా ఉంటే ఇది పనిచేయదు. అప్పుడు మధ్యాహ్నం డాక్టర్‌కి అప్పగించండి.

అనవసరమైన మందులు ముందురోజు రాత్రే వెనక్కిచ్చేయడం. తెల్లారేవరకు కావాల్సిన డోసులు మాత్రం ఉంచుకోవాలి.

ఇన్సూరెన్స్ కేసుల్లో బిల్లు, సమ్మరీ వీలైనంత తొందరగా పంపడం. క్యాష్‌లెస్ కేసుల్లో ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో సర్క్యులర్ ఇచ్చింది. మీరు అభ్యర్థన పంపిన టైం రాసి ఉంచుకుంటేనే ఆ మూడు గంటల మాట ఎత్తగలరు. పేషెంట్ తాలూకు వాళ్లకీ ఆ టైం చెప్పండి. ఎవరి దగ్గర ఆగిందో తెలిస్తే సిస్టర్ మీద కోపం సగం తగ్గుతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వారానికొకటి. ఏది పనిచేసిందో తెలియాలి కదా.

5. కొత్త కాగితం పెడితే పాత కాగితం తీసేయండి

సిస్టర్లు మానేయడానికి అసలు కారణం చాలాచోట్ల ఇక్కడే ఉంటుంది.

వార్డులో ఉన్న రిజిస్టర్లు, ఫారాలు అన్నీ ఒక టేబుల్ మీద పేర్చండి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేయండి. పోయిన నెలలో దీన్ని చదివినవాళ్లెవరు? ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా? బీపీ చార్టులో ఉన్నదే నర్సింగ్ నోట్స్‌లో, మళ్లీ షిఫ్ట్ రిపోర్టు బుక్కులో కనిపిస్తుంది. రాత్రి ఇరవై మంది పేషెంట్లకి ఇద్దరు సిస్టర్లుంటే ఆ మూడు రాతల టైం ఎక్కడ నుంచి వస్తుంది? పేషెంట్ దగ్గర ఉండాల్సిన టైంలోంచే.

హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి ఫారాల కట్ట తెచ్చి, పైన పేరు మార్చి ఇచ్చేవాళ్లుంటారు. నాలుగు వందల పడకల కోసం రాసిన ఫారం మీ నలభై పడకలకి అక్కర్లేదు. ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల పుస్తకం అడిగేది పని జరిగిందనడానికి ఆధారం. ఆ ఆధారం పన్నెండు ఫారాల్లో ఉండాలని ఎక్కడా లేదు. ఒకే రోజువారీ చార్టులో వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి), ఇన్‌టేక్ అవుట్‌పుట్ (లోపలికెళ్లిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క), నొప్పి స్కోరు, జారిపడే ప్రమాదం నాలుగూ పట్టేస్తాయి.

హెచ్చరిక: చట్టం అడిగే రిజిస్టర్ల జోలికి వెళ్లకండి. మెడికో లీగల్ (పోలీసులతో ముడిపడిన) కేసులు, జనన మరణాలు, నార్కోటిక్ మందులు, స్కానింగ్ ఉంటే పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) ఫారం-ఎఫ్, బయోమెడికల్ వేస్ట్ లెక్క, ఇవి యథాతథంగా ఉండాల్సిందే. ఇన్‌పేషెంట్ రికార్డులు కనీసం మూడేళ్లు భద్రపరచాలన్న వైద్య మండలి నియమమూ గుర్తుంచుకోండి. మెడికో లీగల్ ఫైళ్లు కేసు తేలేదాకా పారేయకండి.

ఏది తీసేశారో వైట్‌బోర్డు మీద రాయండి. "ఈ నెల నుంచి ఫలానా రిజిస్టర్ రాయక్కర్లేదు" అన్న ఒక్క వాక్యం చూశాక సిస్టర్లు మిమ్మల్ని నమ్మడం మొదలుపెడతారు. పది ట్రైనింగ్ క్లాసులకి ఆ పని చేతకాదు.

6. పొరపాటు బయటకు చెప్పగలిగే వాతావరణం

తప్పులు జరగని ఆసుపత్రి ఉండదు, తప్పులు తెలియని ఆసుపత్రులు మాత్రం చాలా ఉంటాయి. మీ ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో ఆరు నెలలుగా ఒక్క ఎంట్రీ కూడా లేకపోతే సంతోషపడకండి. భయపడి దాచేస్తున్నారని అర్థం. డెమింగ్ మేనేజ్‌మెంట్‌కి చెప్పిన 14 సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని తరిమేయమనే. అది ఫ్యాక్టరీలకు చెప్పిందే అయినా వార్డులో ఇంకా బాగా వర్తిస్తుంది, ఎందుకంటే ఇక్కడ దాచిన తప్పు మంచం మీద మనిషికి తగులుతుంది.

దాదాపు జరగబోయి ఆగిన పొరపాట్లతో మొదలుపెట్టండి. ఉదాహరణకి పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్, దాన్ని పోలిన ఇంకో ఆంప్యూల్ ఒకే ట్రేలో పక్కపక్కనే ఉన్నాయి. సిస్టర్ లోడ్ చేయబోతూ లేబుల్ చూసి ఆగింది. గాఢ పొటాషియం క్లోరైడ్‌ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. ఆవిడ ఆగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడ ఆవిడ మౌనంగా ఉంటే ఆ ట్రే అలాగే ఉంటుంది, రేపు నైట్ డ్యూటీలో నిద్రమత్తులో ఉన్న ఇంకొకరు ఆగకపోవచ్చు. ఆవిడ చెబితే ఆ ఆంప్యూల్స్ వార్డు ట్రేలోంచి తీసి వేరే తాళం పెట్టెలోకి పోతాయి. చెప్పినందుకు ఆవిడకి దక్కేది మెమోనా, థాంక్సా అన్నదాన్నిబట్టి మీ క్వాలిటీ మొత్తం తేలిపోతుంది.

ఇలాంటివి రాసిచ్చే చీటీ నాలుగు లైన్లకి మించొద్దు: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరగబోయింది, మళ్లీ జరగకుండా ఏం చేయొచ్చు. తెలుగులో రాయొచ్చని పైన పెద్దక్షరాల్లో ముద్రించండి. పేరు రాయడం వాళ్లిష్టం. రెండు రోజుల్లోగా "ఇదీ చేశాం" లేదా "ఇందువల్ల చేయలేకపోతున్నాం" అని బోర్డు మీద జవాబుండాలి. జవాబు రాకపోతే ఎవరూ రెండో చీటీ రాయరు.

మినహాయింపులు ముందే చెప్పేయండి. తాగి డ్యూటీకి రావడం, చూడని బీపీని చూసినట్టు రాయడం, తెలిసి తెలిసి నియమం తప్పడం, ఇవి పొరపాట్ల కిందికి రావు, వాటికి మామూలు క్రమశిక్షణ ఉంటుంది. ఇది చెప్పకపోతే నిజాయితీగా పనిచేసేవాళ్లే ముందు విసుక్కుంటారు.

సూది గుచ్చుకోవడం గురించి విడిగా చెప్పాలి. ఇది సిస్టర్లు ఎక్కువగా దాచే విషయం. "జాగ్రత్తగా ఉండక్కర్లేదా" అన్న మాట పడాల్సి వస్తుందని. గుచ్చుకున్న వెంటనే సబ్బు, నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ పోయకూడదు. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. అర్ధరాత్రి రెండింటికి ఆ మందులు మీ దగ్గర ఎక్కడుంటాయి, తాళం ఎవరి దగ్గర? ఈ ప్రశ్న ఇవాళే నైట్ సిస్టర్‌ని అడగండి. ఆవిడకి తెలియకపోతే మిగతా క్వాలిటీ పనులన్నీ పక్కన పెట్టి ఇది చక్కబెట్టండి.

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు (మొదటి రోజు, నెలకి, ఆరు నెలలకి) సిస్టర్లతోపాటు ఆయాలకి, స్వీపర్లకి, కాంట్రాక్టు మనుషులకి కూడా వేయించండి. చెత్త సంచుల్లో దాక్కున్న సూదులు గుచ్చుకునేది వాళ్లకే. ఖర్చు కాంట్రాక్టర్ పెట్టుకుంటాడా ఆసుపత్రా అన్న వాదన తర్వాత తేల్చుకోవచ్చు.

7. షిఫ్ట్ మారే వేళ

పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది. ఈ మూడు వేళల్లో సమాచారం జారిపోతుంది. గుంటూరు ఆసుపత్రుల్లో చాలామంది సిస్టర్లు తెనాలి నుంచో పొన్నూరు నుంచో వచ్చేవాళ్లే. దిగే మనిషికి బస్సు అందాలి, ఎక్కే మనిషి బస్సు అప్పటికి రాలేదు. ఇద్దరూ కలిసేది మెట్ల మీద. "అంతా బానే ఉంది, ఆరో బెడ్ కాస్త చూడు" అన్నదే హ్యాండోవర్ (తర్వాతి షిఫ్ట్‌కి పేషెంట్లని అప్పగించడం) అయిపోతుంది.

షిఫ్టులు ఇరవై నిమిషాలు ఒకదానిపై ఒకటి పడేలా వేయండి. ఆ ఇరవై నిమిషాలకీ జీతం లెక్కకట్టండి. బస్సు వేళలు చూసి షిఫ్ట్ టైం పావుగంట అటూ ఇటూ జరపడానికి వెనకాడకండి, ఎనిమిదే ఉండాలని శాసనమేం లేదు. మంచం దగ్గరే నిలబడి ప్రతి పేషెంట్‌కీ నాలుగు మాటలు: ఎందుకు చేరారు, ఇప్పుడెలా ఉన్నారు, ఏం పెండింగ్ ఉంది, దేనికి భయపడాలి. రోగనిర్ధారణ లాంటి విషయాలు పక్క మంచం వాళ్లు వినేలా వద్దు, అవి తలుపు దగ్గర చెప్పుకోండి.

దసరా నవరాత్రుల్లో విజయవాడలో ట్రాఫిక్ మళ్లింపులుంటాయి. సంక్రాంతికి సగం మంది ఊళ్లకి పోతారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అక్కడ ఇళ్లున్నవాళ్లు గడప దాటలేకపోయారు. "తర్వాతి మనిషి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపు ఆగాలి, ఆగినందుకు ఏమిస్తారు" అన్నది ముందే కాగితం మీద ఉండాలి. అప్పటికప్పుడు "నువ్వే చూసుకోమ్మా" అనడం రెండుసార్లు చెల్లుతుంది, మూడోసారి రాజీనామా వస్తుంది.

8. ఆపరేషన్ థియేటర్, చేతుల శుభ్రత

థియేటర్ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు వాడండి. 19 అంశాలు, మూడు విడతలు: మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, పేషెంట్‌ని బయటికి తేకముందు. అసలు చిక్కు ఒకటే. "సార్, ఒక్క నిమిషం ఆగండి" అని సర్జన్‌తో అనే హక్కు సిస్టర్‌కి ఉందని అందరి ముందూ ఆ సర్జన్‌తోనే చెప్పించాలి. లేకపోతే టిక్కులన్నీ ఆపరేషన్ అయ్యాక పడతాయి.

చేతుల శుభ్రతకి శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ప్రతి మంచానికీ చేయి చాచితే అందేచోట సీసా పెట్టండి. సీసా వార్డు చివర పెట్టి సిస్టర్లని తిట్టడం అన్యాయం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పోస్టర్ల పిచ్చి. "రోగి సంతృప్తే మా లక్ష్యం" అని గోడకి అతికించడం వల్ల ఏ మంచమూ తొందరగా ఖాళీ కాలేదు. డెమింగ్ పదో సూత్రంలో నినాదాలు మానేయమన్నాడు.

ఆఫ్ రోజున ట్రైనింగ్. నైట్ డ్యూటీ దిగిన సిస్టర్‌ని పది గంటలకి క్లాసులో కూర్చోబెడితే ఆవిడకి ఏదీ ఎక్కదు. డ్యూటీ టైంలోనే, వార్డులోనే, పదిహేను నిమిషాలు చాలు.

ఇంగ్లిష్‌లోనే ఎస్ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన సూచనలు). చెత్త వేరుచేయాల్సింది హౌస్‌కీపింగ్ వాళ్లు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో ఏది ఎందులో వేయాలో బొమ్మలతో, తెలుగులో, డబ్బా పైనే ఉండాలి. శుద్ధి చేయని ఆ వ్యర్థాల్ని 48 గంటలకి మించి ఉంచకూడదన్న సంగతి కూడా.

ఫైన్లు. యూనిఫాం సరిగా లేదని వంద, ఫారం నింపలేదని రెండొందలు. ఫారాలు మాత్రం నిండుతాయి.

ఆడిట్ ముందు రాత్రి జాగారం. నెలల తరబడి రాయనివన్నీ ఒక్క రాత్రిలో నింపడం. ఇది సిస్టర్ల చేత అబద్ధం రాయించడమే. దీని తర్వాత నిజాయితీ గురించి మీరేం చెప్పినా వాళ్లు లోపల నవ్వుకుంటారు.

పనిచేస్తోందో లేదో తెలుసుకునేదెలా

నెలకోసారి మూడు రకాల అంకెలు ఒకే పేజీలో రాయండి.

మొదటిది పేషెంట్ వైపు: డిశ్చార్జ్‌కి పట్టే సమయాల్లో మధ్య అంకె, రెండో మెట్టులో తీసినట్టే. మొదట రాసిన రెండు వారాలతో పోల్చండి, పక్క ఆసుపత్రితో వద్దు.

రెండోది పొరపాట్ల చీటీల సంఖ్య. ఇది తొలి నెలల్లో పెరగాలి. మేనేజ్‌మెంట్‌కి ఈ మాట ముందే చెప్పకపోతే "క్వాలిటీ మొదలయ్యాక తప్పులు పెరిగాయేంటి" అని గాభరాపడతారు.

మూడోది స్టాఫ్ వైపు, సాధారణంగా ఎవరూ చూడనిది. షిఫ్ట్ అయ్యాక ఎన్ని నిమిషాలు ఆగాల్సి వచ్చింది, వేసిన ఆఫ్‌లలో ఎన్ని రద్దయ్యాయి, సిక్ లీవులెన్ని, మానేసినవాళ్లెందరు. వీటితోపాటు పేరు లేకుండా రెండు ప్రశ్నలు: "ఈ నెల మీ పని తేలికైందా, బరువైందా?" "పొరపాటు జరిగితే చెప్పగలనన్న ధైర్యం ఉందా?"

మొదటి అంకె బాగుపడి మూడోది పాడైతే మీరు పేషెంట్ భారాన్ని తీసి సిస్టర్ మీద పెట్టారు. ఆ మార్పు ఆపి మళ్లీ నాలుగో మెట్టుకి రండి. మూడోది ఎన్ని మార్పులకీ కదలకపోతే అసలు మనుషులే చాలడం లేదేమో చూడండి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఒక సిస్టర్ కావాలి. అది ఇవ్వకుండా ఏ చెక్‌లిస్టు పెట్టినా మోసమే.

రికార్డులు నిజమో కాదో చూడాలంటే ఒక రాత్రి చార్టులు తీసి చూడండి. అందరికీ బీపీ 120/80, అందరికీ టెంపరేచర్ 98.6, ఒకే పెన్ను, ఒకే ఒరవడి, స్కానింగ్ గదిలో ఉన్న పేషెంట్‌కి అదే టైంలో వార్డులో పల్స్. కనబడితే సిస్టర్‌ని పిలిచి తిట్టకండి, ఆ రాత్రి ఆవిడకి ఎంతమంది పేషెంట్లో ముందు లెక్కపెట్టండి.

మీ ఆసుపత్రి ఇంతకన్నా చిన్నదో, వేరే రకమో అయితే

పది పడకల నర్సింగ్ హోమ్‌లో రెండు, ఐదు, ఆరు మెట్లు చాలు. ప్రైవేటులో సర్టిఫికెట్ కావాలనుకున్నాక నేరుగా పూర్తి అక్రిడిటేషన్‌కి పోకుండా ఎన్‌ఏబీహెచ్ ఎంట్రీ లెవెల్ చూడండి. ప్రభుత్వ ఆసుపత్రుల వాళ్లకి జాతీయ ప్రమాణాలుగా ఎన్‌క్వాస్, శుభ్రతకి 2015లో వచ్చిన కాయకల్ప ఉన్నాయి. అక్కడ మనుషుల్ని తీసుకోవడం మీ చేతిలో ఉండదు కాబట్టి ఐదో మెట్టు మీదే ఎక్కువ బలం పెట్టండి.

మొదటి వార్డులో మూడు నెలలు నిలకడగా నడిచాక రెండో వార్డుకి వెళ్లండి. అక్కడ నేర్పించేది మొదటి వార్డు సిస్టరే అయితే మంచిది, ఆ రోజులకి ఆవిడ డ్యూటీ తగ్గించాలి. అక్కడా మళ్లీ ఖాళీ చీటీలతోనే మొదలుపెట్టండి, డిశ్చార్జ్ షీటు తీసుకెళ్లి అతికించకండి. ప్రసూతి వార్డు సిస్టర్లు డిశ్చార్జ్ ఊసే ఎత్తకపోవచ్చు. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకి వేయాల్సిన హెపటైటిస్-బి టీకా ఆదివారం పుట్టినవాళ్లకి అందడం లేదనో, ఫ్రిజ్ తాళం ఫార్మసీ అతని దగ్గర ఉందనో రాస్తారు. అయితే అక్కడ మీ మొదటి పని ఆ తాళమే.